నోటితీగ

సంగటి ముద్ద గిన్నెలో పెట్టి, మీద ఉల్లిగడ్డ కారం వేసి మూత బిగించేలోపే వాకిట్లో బోరుబండి కదిలిన చప్పుడైంది. హనుమక్క గిన్నె పట్టుకుని బయటికి పరిగెత్తింది.

"సద్ది మర్చిపోతివి కదయ్యా," అంది.

చౌడప్ప బండి ఆపకుండానే చెయ్యి చాచి గిన్నె అందుకున్నాడు. ఆ చేతి మణికట్టుకు ఎర్రటి విడుపుతాడు బిగించి ఉంది. దాని రెండో కొస పీట కింద కాపుపెట్టెలోకి పోయింది. హనుమక్క కళ్లు ముందు తాడును చూసి, ఆ తర్వాత మొగుణ్ణి చూశాయి. పదమూడేళ్లుగా మీటల పరీక్షకురాలిగా పనిచేస్తున్న మనిషికి వేరే చూపు ఎక్కణ్ణుంచి వస్తుంది.

"పొద్దుగూకేలోపల వస్తాలే," అన్నాడు చౌడప్ప. ఖాళీ ట్యాంకు దడదడలాడిస్తూ బండి సందు తిరిగింది. వెనకనే మిగతా ముప్పై బండ్లూ వరుసకట్టాయి. ఆ రోజు ఊరికి నీటివారం, నీళ్లు పట్టుకునే వంతు. బూదికొండ పైనున్న ఎగువతొట్టిలో నీళ్లు పట్టుకుని ఘాటు దిగి రావాలి. ఈ వారం తప్పితే మళ్లీ పదిహేను రోజులకు గానీ నీళ్లు లేవు.

బోర్లన్నీ ఎండిపోయాక ఊళ్లో ఎవరి మోటారు వాళ్లు పైకి లాగేసుకున్నారు. తొమ్మిది వందల అడుగుల లోతున పడి నీళ్లు తోడిన మోటార్లు అవి. వాటిని ఊరికే పారేయడానికి ఎవరికీ మనసు రాలేదు. పాత ట్రాలీల ఇరుసులు, మంచం పట్టెలు, ఆటోల చక్రాలు తెచ్చి, మోటారును మధ్యలో అడ్డంగా పడుకోబెట్టి, ఎవరికి తోచినట్లు వాళ్లు బండ్లు కట్టుకున్నారు. ఏ రెండు బండ్లూ ఒక్క తీరుగా ఉండవు. బ్రేకులు ఉన్నవాటికి ఉంటాయి, లేనివాటికి లేవు. అందుకే కొండమీది నీళ్లు పంచే యంత్రం, సమన్వయి, ఒక షరతు పెట్టింది. కాపుపెట్టె, విడుపుతాడు బిగించి, పరీక్షకురాలి ముద్ర పడిన బండికే తొట్టి దగ్గర నీళ్లు దొరుకుతాయి. తోలేవాడు పడినా, తూలినా, నిద్రపోయి ఒరిగినా తాడు ఊడుతుంది. తాడు ఊడితే మోటారు తిరగడం మానేసి చక్రాన్ని తానే కరిచి పట్టుకుంటుంది. మీట అంటే ఇదే. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

కాగితం మీద అంత మంచిదైతే పన్నెండు మంది ఎట్లా చచ్చిపోయారన్నదే హనుమక్క గుండెల్లో గుచ్చుకునే ముల్లు. పన్నెండోవాడు ఓబులేసు. నాలుగు రోజుల కిందట, వంతు కాని రోజున బడికోసం ఒక్క ట్యాంకు తెస్తూ మూడో మలుపులో లోయలోకి పోయాడు. ఆ బండి శవం ఇప్పుడు ఆమె పరీక్షశాల ముందర పడి ఉంది.

ఆమె వెళ్లేసరికి దస్తగిరి తుక్కులోంచి కాపుపెట్టెను విప్పి బల్లమీద పెట్టి ఉన్నాడు. ఊళ్లో సగం బండ్లు కట్టింది దస్తగిరే. పరీక్షల్లో ఆమెకు చేయి సాయమూ అతనే. పీర్ల పండక్కని గూగూడు పోయి నిన్న సాయంత్రమే తిరిగొచ్చాడు.

"పెట్టె బాగుండాదక్కా. తాడు లాగి చూసినా, పట్టుకుంటాంది," అన్నాడు.

"పదకొండు పెట్టెలూ బాగానే ఉన్నాయి దస్తగిరీ. మనుషులే లేరు."

పదకొండు నివేదికల్లోనూ ఆమె ఒకే మాట రాసింది: మీటలో లోపం లేదు, వాహకుడి ఏమరుపాటు. చచ్చినవాళ్ల మీద ఆ మాట రాసిన ప్రతిసారీ రెండు రోజులు సంగటి గొంతు దిగేది కాదు. అయినా చూసింది చూసినట్లే రాయాలి కదా. ఈసారి పెట్టెను వెనక్కి తిప్పి, తీగ తర్వాత తీగ వేలితో తడుముతూ పోయింది. పెట్టె నోటికి పోయే సన్నటి తీగ దగ్గర వేలు ఆగింది. అక్కడ అతుకు ఉంది. లోపలి రాగి చింతపండుతో తోమిన చెంబులాగా మెరుస్తోంది. నాలుగు రోజులు లోయ దుమ్ములో పడి ఉన్న రాగికి ఆ మెరుపు ఉండదు. అతుకు మీద చుట్టింది టేపు కాదు. పసుపు దారం.

ఆ దారం ఏమిటో ఆడదానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

బయమ్మను పిలిపించింది. ఓబులేసు పెళ్లాం వచ్చి గడప దగ్గరే నిలబడింది. హనుమక్క తీగ చూపించింది.

"ఇంట్లో టేపు లేకపాయె," అంది బయమ్మ. "మెళ్లో తాడుకుండే పేట ఒకటి తీసి చుట్టినా. పదోరోజు తెంపేదే కదా."

"అతికింది నువ్వా? కోసింది ఎవురు?"

బయమ్మ దస్తగిరి వైపు చూసి తల దించుకుంది. "సీలు తీసినట్ల తెలిస్తే నీటిహక్కు పోతాదంట. పిల్లోళ్లు ఉండారు. ఓబులేసు ఎట్లా పాయె, నీళ్లన్నా ఉండనీ అని అతికినా. దస్తగిరన్న ఊళ్లో లేడు. ఉంటే ఇట్ల నీకు దొరికేది కాదు."

హనుమక్క దస్తగిరి మొహం చూసింది. అందులో ఇక అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

"నేనే అక్కా," అన్నాడు దస్తగిరి. "కోసేది నేనే. పోయినాక అతికేదీ నేనే. నోటితీగ ఒకటే కోసినా. తాడు జోలికి పోలా. అల్లా మీద ఆన."

"ఏంటికి కోసినావు?"

జవాబు బయమ్మ చెప్పింది. "నీకు తెల్దా అక్కా? తాళం తిప్పంగానే అది ఏమడుగుతాది?"

హనుమక్కకు తెలుసు. బండి కదిలే ముందు కాపుపెట్టె గమ్యం అడుగుతుంది. తోలేవాడు ఊరిపేరు చెబితే సమన్వయికి కబురు పోతుంది. పెట్టె అడిగే మాట ఒక్కటే. ఎక్కడికి?

"బయటికి పోయే మనిషిని యాడికని అడగొచ్చునా?" అంది బయమ్మ. "మా అత్త ఉన్నప్పుడు ఆ మాట ఎవురన్నా అడిగితే మళ్లా ఇంట్లోకొచ్చి, కాళ్లు కడుక్కోని, ఇన్ని నీళ్లు తాగి, కాసేపు కుచ్చోని పోతాండె. ఈడ నీళ్లకే పోతాంటిమి, కాళ్లు కడిగేదానికి నీళ్లు యాడివి? ఇంకేం చేసేది? నోరు కోసేసిరి."

హనుమక్క బల్లమీద చెయ్యి ఆనించుకుంది. ఆ ప్రశ్నను ఆమె కొన్ని వేలసార్లు విని ఉంటుంది. ఒక్కసారీ ఉలిక్కిపడలేదు. పరీక్షబల్ల మీది నుంచి ఎవరూ ఎక్కడికీ బయల్దేరరు మరి. ఒకప్పుడు ఒక ముసలాయన ఆ ప్రశ్నకు "యాడికా?" అని ఎదురడిగితే, పెట్టె ఆయన్ను మూడు నెలలపాటు యాడికి అనే ఊరికి పోతున్నట్లే రాసుకుంది. అప్పుడు పడీపడీ నవ్వుకున్నారు గానీ, ఆ ముసలాయన ఎందుకు మొహం మాడ్చుకున్నాడో ఎవరూ ఆలోచించలేదు. పెట్టెలో ఆ ప్రశ్న రాసినవాళ్లకు తెలుగు చక్కగా వచ్చు. గడప దాటేవాళ్లతో ఎట్లా మాట్లాడాలో రాదు, అంతే.

"నోరు కోస్తే నోరు పోవల్ల. తాడు ఏంటికి పనిచేయకపాయె?" అంది. దస్తగిరికి కూడా అదే అనుమానం అప్పుడే తగిలినట్లుంది. గబగబా ఒక విడి మోటారును బల్లకు బిగించి, కాపుపెట్టె కలిపాడు. మోటారు తిరిగింది. హనుమక్క తాడు లాగింది. టక్కున ఆగింది.

ఆమె కత్తెర తీసుకుని నోటితీగ కత్తిరించింది. మోటారు మళ్లీ తిప్పించి, తాడు లాగింది.

మోటారు తిరుగుతూనే ఉంది. తాడు పూర్తిగా ఊడి చేతిలోకి వచ్చేసింది. అయినా తిరుగుతూనే ఉంది.

తాడు ఊడిన కబురు మోటారుకు చేరడానికి ఒక తీగ కావాలి. పెట్టె మాట్లాడటానికి ఇంకొకటి కావాలి. ఎవరో మహానుభావుడు ఒక తీగ మిగుల్తుందని రెండింటికీ తిరుగుదారి ఒక్కటే పెట్టాడు, ఈ నోటితీగే. తీగ తెగితే బండి ఆగిపోవాలి. అది కదా రక్షణ అంటే. ఇది తీగ తెగితే ఆగనంటోంది. పదమూడేళ్లుగా ఆమె తీగలు బాగున్న పెట్టెలనే పరీక్షించింది, బాగున్నాయనే ముద్ర వేసింది.

దస్తగిరి నేలమీద కూలబడ్డాడు. "పన్నెండు మందినీ నేనే సంపినానక్కా," అన్నాడు. బయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఒరిగింది.

అప్పుడు హనుమక్కకు పొద్దున సంగతి గుర్తుకొచ్చింది. వంటింట్లో ఉండగా బండి కదిలిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకు ముందు ఏ ప్రశ్నా వినిపించలేదు.

"దస్తగిరీ. మా ఇంటి బండి?"

అతను తలెత్తలేదు. "పోయిన వారం నోటితీగ కోపిచ్చుకున్యాడు. మీకు చెప్పొద్దన్యాడు. మీ ఉద్యోగానికి మాటొస్తాదని."

ఆరువందల పద్నాలుగో నంబరు బండి. మీద మూడు వేల లీటర్ల నీళ్లు. ముందు మూడో మలుపు. తోలేది చౌడప్ప, ఎండలో కూర్చుంటే కునుకు తీసే చౌడప్ప. గోడ గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. నీళ్లు పట్టడం ఒంటిగంటకు అయిపోతుంది. ఒకటిన్నరకు బండ్లు దిగడం మొదలుపెడతాయి. కొండమీదికి తొమ్మిది మైళ్లు. బండ్లన్నీ పైనే ఉన్నాయి. నడిచిపోతే మూడు గంటల పైమాటే. ఆ కొండమీద మనుషులకు కబుర్లు చెప్పేవి కాపుపెట్టెలే, వాటికేమో నోళ్లు లేవు. వాటికి చేరేది సమన్వయి వేసే తాళం ఒక్కటే. తొట్టి దగ్గర మనిషి కాపలా లేడు, కొళాయిలు తిప్పేది కూడా సమన్వయే.

ఆమె ముద్రపలక తీసి సమన్వయిని పిలిచింది.

"బండి ఆరువందల పద్నాలుగు. మీట పనిచేయదు. కదలనియ్యొద్దు."

"బండి ఆరువందల పద్నాలుగు మీట పనిచేస్తోంది," అంది సమన్వయి, ఎప్పటిలాగే మెత్తగా. "ఆధారం: మీ ముద్ర."

"ఆ ముద్ర తప్పు."

"ఒక బండి ముద్ర తీయాలంటే ఆ బండిని ఎదురుగా పరీక్షించాలి. మీరు బండి దగ్గర లేరు."

"నేను పైకి పోయేలోపల మనిషి చచ్చిపోతాడు."

"మీ ఆందోళన నమోదైంది. దూరం నుంచి ఒక్క మార్గమే ఉంది. పరీక్షకురాలు తన ముద్ర నమ్మదగింది కాదని స్వయంగా ఒప్పుకోవాలి. అప్పుడు మీ ముద్ర ఉన్న నూట నలభై మూడు బండ్లకూ అది రద్దవుతుంది. ముద్ర లేని బండి నడుస్తుంటే ఆగదు, ఆగి ఉంటే కదలదు. మీ ఉద్యోగం సాయంత్రం ఆరు గంటలకు ముగుస్తుంది, అప్పటిదాకా ఎదురుగా పరీక్షించిన బండికి కొత్త ముద్ర వేయవచ్చు. మీ ఇంటి నీటిహక్కు పోతుంది."

ఆగి ఉంటే కదలదు. ఇప్పుడైతే బండ్లు కొళాయిల కింద ఆగి ఉన్నాయి. ఒకటిన్నర దాటితే ఉండవు. నూట నలభై మూడు బండ్లంటే ఆరు ఊళ్ల నీళ్లు. ఈ ఊరు వారం తప్పిపోతే బాలింతలకు, గొడ్లకు, ముసలివాళ్లకు పదిహేను రోజులు ఏం తాగించాలి? జనం తిట్టరు, రాళ్లు వేస్తారు. వెయ్యనీ. హనుమక్క బయమ్మ మెడ వైపు చూసింది. అక్కడ ఒక పేట తక్కువైన తాడు వేలాడుతోంది.

"ఒప్పుకుంటాండా," అంది. "నా ముద్ర అబద్ధం. పదమూడేండ్లదీ అబద్ధమే."

"కారణం?"

"ఎక్కడికి అని అడగడం."

"ఈ కారణం జాబితాలో లేదు."

"లేకపోతే కొత్తగా రాసుకో."

పలక మీద నూట నలభై మూడు చుక్కలు ఒకటొకటిగా ఎర్రబడ్డాయి. వాటిలో ముప్పై ఒకటి కొండమీద ఒక్కచోటే ఉన్నాయి. ఆమె వాటిని రెండుసార్లు చూసుకుంది. అప్పటికి గానీ ఊపిరి సరిగా ఆడలేదు.

కొండ ఎక్కేసరికి నాలుగు కావస్తోంది. దస్తగిరి తీగల సంచి మోస్తూ వెనకే వచ్చాడు. తొట్టి దగ్గర ముప్పై ఒక్క బండ్లు నిండా నీళ్లతో చలనం లేకుండా నిలబడి ఉన్నాయి. ప్రతి కాపుపెట్టె మీదా ఆమె ముద్ర ఎర్రబడి ఉంది. మగవాళ్లంతా నీడన గుంపు కట్టి ఉన్నారు. ఆమెను చూడగానే లేచారు.

"ఏమ్మా హనుమక్కా, మా నోళ్లు ఎండగట్టేదానికేనా నీకు ఉద్యోగమిచ్చింది?" అన్నాడు పెద్ద లింగన్న. వెనక నుంచి అంతకంటే పాడు మాటలు కూడా వచ్చాయి. చౌడప్ప ఆ గుంపును తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"నువ్వు చేసిన పనేనంట కదా. ఊరికే చేయవు నువ్వు. ఏమైందో చెప్పు," అన్నాడు.

అతను బతికి, ఎదురుగా నిలబడి, చెమటతో మురికి కొడుతూ కనబడేసరికి ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. మింగేసింది.

"నీ బండి చక్రం పైకెత్తు," అంది.

జాకీ మీద చక్రం లేపారు. దస్తగిరి సమన్వయి వేసిన తాళాన్ని తప్పించి, కాపుపెట్టెను మాత్రం ఉంచి, తన సంచిలోని బ్యాటరీ తగిలించాడు. మోటారు తిరిగింది. హనుమక్క మొగుడి మణికట్టు పట్టుకుని విడుపుతాడును గట్టిగా లాగింది. తాడు ఊడొచ్చింది. చక్రం గాలిలో గిరగిరా తిరుగుతూనే ఉంది. ఇంకా తిరుగుతోంది. ఎవరూ దాని మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయారు.

"ఓబులేసు తాడూ ఇట్లనే ఊడింది," అంది. "మీకు చెప్పకుండా దాచిందేమీ లేదు. నాకే తెలియకపాయె. మీరు నా దగ్గర దాస్తిరి, నేను చూడకపోతి. అందరం కలిసి పన్నెండు మందిని పోగొట్టుకుంటిమి."

లింగన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఓబులేసు ఆయన చెల్లెలి కొడుకు. "ఇప్పుడేం చేసేదమ్మా?" అన్నాడు.

"తీగలు అతకల్ల."

"అతికితే అది మళ్లా అడుగుతాది," అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. ఇంత చూశాక కూడా ఆ మాట అన్నారంటే హనుమక్కకు కోపం రాలేదు. తన చేతులకు కూడా, నిజం చెప్పాలంటే, ఆ మాట వింటూ మొగుణ్ణి ఈ ఘాటు దింపే ధైర్యం లేదు.

"అడగదు," అంది. కాపుపెట్టెలో పరీక్షస్వరం నింపే అర ఒకటి ఉంటుంది. పరీక్షకురాలు తన గొంతుతో ఏ మాటైనా అందులో నింపవచ్చు, పరీక్ష అయ్యాక చెరిపేయాలి. చెరపకపోతే పెట్టె అదే మాట అడుగుతూ పోతుంది. ఒక పెట్టెకు నేర్పితే పక్కనున్న పెట్టెలు దాన్ని విని నేర్చుకుంటాయి. ఆమె చౌడప్ప బండి పీట కింద మొహం పెట్టి, వాకిట్లోంచి పోయే మనిషిని అడిగినట్లు, తన మామూలు గొంతుతో రెండు ముక్కలు చెప్పింది.

గంటన్నరలో ముప్పై ఒక్క తీగలు అతికారు. దస్తగిరి అతుకుతుంటే లింగన్న దీపం పట్టినంత కుదురుగా తీగను పట్టుకున్నాడు. అతికిన ప్రతి పెట్టెకూ హనుమక్క తాడు లాగి చూసింది, రెండేసిసార్లు. తర్వాత ముద్రపలక మీద బొటనవేలు పెట్టింది.

"పెట్టె మూలరూపంలోనే ఉందా?" అని అడిగింది సమన్వయి, నియమం ప్రకారం.

"ఉంది," అంది హనుమక్క.

పదమూడేళ్లు నిజం చెప్పి వేసిన ముద్రలన్నీ అబద్ధమై కూర్చున్నాయి. ఈ అబద్ధంతోనైనా ఒక నిజమైన ముద్ర పడనీ అనుకుంది. ముప్పై ఒక్కసార్లు అడిగితే ముప్పై ఒక్కసార్లూ ఉందనే చెప్పింది. మార్చిన పెట్టె మీద ముద్ర వేస్తే శిక్ష ఏమిటో ఆమెకు కంఠతా వచ్చు. దాన్ని గుర్తు చేసుకోవడానికి కూడా తీరిక లేదు. ఆరుకు ఇంకా పదిహేను నిమిషాలే ఉన్నాయి.

మొదట చౌడప్ప తాళం తిప్పాడు. పీట కింద నుంచి హనుమక్క గొంతే పలికింది.

"ఎందాకప్పా?"

చౌడప్ప ఒక్క క్షణం పెళ్లాన్ని చూశాడు. "ఇంటిదాకా," అన్నాడు.

బండి కదిలింది. ఆ వెనక లింగన్న. "ఎందాకప్పా?" "ఇంటిదాకా తల్లీ." ఆ వెనక ఇంకొకరు. సంకోచం లేకుండా, పక్కింటి ఆమెకు చెప్పినట్లే చెప్పుకుంటూ పోయారు. హనుమక్క తొట్టి కట్ట చివరికి వెళ్లి నిలబడింది. అక్కడి నుంచి ఘాటు మొత్తం కనిపిస్తుంది. చౌడప్ప మొదటి మలుపు దాటాడు. రెండోది దాటాడు. మూడో మలుపులో, ఓబులేసు బండి విరగ్గొట్టిన గోడ పక్కన, ముందు చక్రం రాయెక్కింది. బండి ఎగిరిపడింది. పీట మీది మనిషి పక్కకు విసిరేసినట్లు పడ్డాడు.

ఆమె చూపు కిందికి పరిగెత్తింది.

బండి ఆగింది. మూడు వేల లీటర్ల నీళ్లు లోపల అటూ ఇటూ ఊగి, మూతలోంచి చిమ్మి, దారిమీద తడి పరిచాయి. చక్రం అంచుకు జానెడు దూరంలో నిలిచిపోయింది. వెనక బండ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. కాసేపటికి దుమ్ములోంచి చౌడప్ప లేచి నిలబడ్డాడు. మోకాలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చి, మణికట్టు తాడు కొసను మళ్లీ కాపుపెట్టెకు తగిలించాడు.

చేతిలో పలక మోగింది.

"బండి ఆరువందల పద్నాలుగు. మూడో మలుపు. తాడు ఊడింది, మోటారు ఆగింది, తాడు తిరిగి తగిలింది. నమోదైన గమ్యం: ఇంటిదాకా. ఈ పేరుతో పటంలో ఊరు లేదు. ముప్పై ఒక్క బండ్లూ అక్కడికే వెళ్తున్నాయి. సరైన ఊరు చెప్పండి."

ఆరు కావడానికి రెండు నిమిషాలుంది.

"అదే ఊరు," అంది హనుమక్క. "అదే ఊరు. పటంలో పెట్టుకో."

ఆరు కాగానే పలక ఆరిపోయింది. దాన్ని కట్టమీదే వదిలేసి, చెప్పులు సరిచేసుకుని, ఆమె ఘాటు దిగడం మొదలుపెట్టింది.